మీరుండంగ మూడు వేలెందుకు?

మా తాతకు రాని రిపేరు లేదు. మోట తొండం చినిగినా, ఎడ్లబండి వారు తెగినా, దొర కొట్టం మీద గూన పగిలినా మాదిగవాడకే కబురొచ్చేది. లందల తోలు నానబెట్టి, తంగేడు చెక్కతోని ఊనబెట్టి, ఆరెతోని కుట్టి తొండం చేసేసరికి దినాలకు దినాలు పట్టేది. దాన్ని మోటకు కడితేనే మడిల నీళ్లు పారేవి. రైతులు ఏడాదికొకసారి కల్లం కాడ మేర పెట్టేటోళ్లు. దొర పనికి అదీ లేదు. అది వెట్టి.

రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నిషేధించిందని నేను బడిల పాఠం చెప్త. అది అమలులకొచ్చింది 1950ల. 1976ల వెట్టిచాకిరి రద్దు చట్టం గూడ వచ్చింది. ఇవేవీ జగిత్యాల దగ్గరి మా ఊరి పొలిమేర దాటి రాలేదు. 1978 సెప్టెంబర్‌ల ఊర్లకు ఊర్లే జగిత్యాలకు నడిచినయి. దాన్నే జగిత్యాల జైత్రయాత్ర అంటరు. అక్టోబర్‌ల సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. ఆ ఏడే మా తాత దొర మనిషిని "గూన సదిరితే కూలెంత?" అని మొదటిసారి అడిగిండని మా బాపు చెప్తడు. ఎంతిచ్చిండ్రో బాపుకు యాదిలేదు. అడిగింది మాత్రం యాదుంది.

ఇయ్యాల కూలి ఇచ్చేటోన్ని నేను. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటోన్ని, సర్కారు బడి పంతులును. 2006ల మొదలైన ఇందిరమ్మ పథకంల బాపు కట్టుకున్న ఇల్లు కురువబట్టింది. మేస్త్రి కోసం జగిత్యాల అడ్డ మీదికి పోయిన. పొద్దుగాల్నే పోవాలె. ఎండ ఎక్కితే మంచి చెయ్యి దొరకదు. మా దిక్కు చేతిపని వచ్చినోళ్లు ఎంతోమంది గల్ఫ్ బాట పట్టిండ్రు. అడ్డ మీద ఇప్పుడు ఒడిశా, బీహార్ మాటలు గూడ ఇనవడుతున్నయి.

"గుత్తకిస్తవా సారూ, రోజు లెక్కనా?" అని మేస్త్రి అడిగిండు. గుత్త అంటే పని ఎన్నిరోజులు సాగినా నష్టం మేస్త్రిది. రోజు లెక్క అంటే ఆ నష్టం ఇంటాయనది. పగులు ఎక్కడిదాక పోయిందో పైనుంచి చూస్తే తెల్వదు గాబట్టి ఆయన గుత్తకు ఒప్పుకోలేదు. చిన్న పనికి ఎవ్వలూ తొందరగ రారు. పూట పనికి పోయినా ఆ పొద్దు పోయినట్టే. మిగిలిన పూటకు ఇంకో పని దొరకదు. అందుకే సగం రోజు పనికి గూడ నిండు కూలి అడుగుతరు. మేస్త్రికి 1000, సుట్టున్న పని చేసే మనిషికి 700. రెండు రోజులకు 3400. సిమెంటు, ఉసికె, నీళ్లు దిగకుండ కలిపే మందుకు 2600. అన్నీ కలిపి 6000 అయినయి. బాపు రెండు రోజులు నిచ్చెన కాడనే కూసున్నడు. మేస్త్రి రేటు చెప్తుంటే ఒక్కమాట అడ్డం రాలేదు.

మా బావది గూడ రిపేరు పనే. దుబాయిల ఎనిమిదేండ్లు ప్లంబర్ పని చేసొచ్చి ఇప్పుడు సిరిసిల్లల ఉంటున్నడు. ఇంటికొచ్చి చూసినందుకు 200, పని కూలి వేరె. "పది రూపాయల వాషర్‌కు మూడు వందలా?" అంటరట. బండి పెట్రోలు, పానలు, సామాను కోసం షాపుకు రెండుసార్లు తిరుగుడు, ఆ పూట ఇడిసిపెట్టిన ఇంకో పని, ఇవేవీ వాషర్ మీద రాసి ఉండయి.

ఇంకోటి గూడ రాసి ఉండదు. బయటి నల్లా అయితే ఎవ్వలూ ఏమడగరు. వంటింట్ల సింకు కాడికి పొయ్యేసరికి "మీరేమోళ్లు తమ్మీ?" అని మెల్లగ అడుగుతరు. ఓ ఇంట్ల బావ ఉన్నది ఉన్నట్టు చెప్పిండు. "ఇయ్యాల వద్దు, మల్ల ఫోన్ చేస్తం" అన్నరు. ఆ ఫోను రాలేదు. వచ్చినందుకు 200 గూడ చేతుల పెట్టలేదు. "దుబాయిల నా పాస్‌పోర్టు గుంజుకున్నరుగని బామ్మర్దీ, నల్లా ముట్టెముందు కులం అడగలేదు" అన్నడు బావ.

నేను కోరుట్లల కిరాయికి ఉంట. ఇంటాయన మంచిగనే మాట్లాడుతడు. ఫ్యాను బాగుచేయ వచ్చినాయనకు కుర్చేసి, చాయ పోయించి, 400 ఇచ్చి పంపిండు. ఎండకాలంల సెప్టిక్ ట్యాంకు నిండింది. నన్ను పిలిచి అన్నడు: "సారూ, మీ వాడ నుంచి ఎవలనన్న పిలిపియ్యరాదుండ్రి. ఓ ఐదు వందలు, ఓ కోటరు ఇస్తే అయిపాయె."

కోపంగ అనలేదు, ఎక్కిరియ్యలేదు. బల్బు మార్పియ్యుమన్నంత మామూలుగ అన్నడు.

గుంతలకు మనిషిని దింపితే నేరమని 2013ల చట్టం వచ్చిందని చెప్పిన. ఏ ఇంటాయనైనా, ఏ మున్సిపాలిటీ అయినా దింపొద్దు. మిషిన్ బండి పిలుద్దామన్న. బండికి 3000 అవుతదంటే ఆయన నిజంగనే పరేషానయిండు. "మీరుండంగ మూడు వేలెందుకు సారూ?"

నా డిగ్రీ, నా బీయెడ్, నా సర్కారు కొలువు అన్నీ ఆ 'మీరుండంగ'లనే మునిగినయి. కరెంటు పని ప్రమాదం, అందుకు కూలి ఉన్నది. స్లాబు పని కష్టం, దానికీ కూలి ఉన్నది. అన్నిటికంటె ప్రాణం మీదికొచ్చేది ఆ గుంత పని. లోపలి విషవాయువు తగిలితే కేకేసే టైం గూడ ఉండదు. లెక్క ప్రకారం దానికే ఎక్కువ రేటుండాలె. ఉన్నది మాత్రం ఐదు వందలు, ఓ కోటరు. ఎందుకంటే అక్కడ లెక్క పనికి కట్టలేదు, చెయ్యి ఎవలదో చూసి కట్టిండ్రు. మురికి కాలువలల్ల, గుంతలల్ల దిగి సచ్చిపోయినోళ్ల కుటుంబాలకు 30 లక్షలియ్యాలని 2023 అక్టోబర్‌ల సుప్రీంకోర్టు చెప్పింది. సచ్చినంక 30 లక్షల మనిషి, బతికున్నప్పుడు ఐదు వందల మనిషి.

"గట్లయితే మీరే కట్టుకోండ్రి" అన్నడు ఇంటాయన. నెలాఖరు. లోన్ కిస్తు పోంగ చేతుల ఎక్కువ లేవు. అయినా కట్టిన. అడిగి రసీదు తీసుకున్న.

నేను బేరమాడనని కాదు, ఆడుత. సిమెంటు షాపుల ఆడుత, గుత్త కాడ ఆడుత. పనికి బేరం ఉంటది. కానీ ఫలానా కులపోడు గాబట్టి అగ్గువకు వస్తడనే మాట బేరం కాదు, పాత వెట్టే.

బావ కొడుకు ఐటీఐల ఎలక్ట్రీషియన్ నేర్సుకుంటున్నడు. సెలవులకు ఒక్కడే పనులకు పోతున్నడు. మొన్న ఫోన్ చేసి అడిగిండు: "మామా, వంటింట్ల స్విచ్ బోర్డు మార్సాలె. ఎంతడగాలె?"

"మీ నాయిన తీసుకున్నంత అడుగు. లోపలికి పొయ్యెముందే చెప్పు" అన్న.

"ఒకవేళ కులం అడిగితే?"

"చెప్పు. వద్దంటే వచ్చినందుకు 200 తీసుకొనే గడప దిగు."