నీలికోట వున్న ఊరు

కిందటి వేసవిలో మా అమ్మాయిని చూడడానికి కెనడా వెళ్ళినప్పుడు నా పెట్టెలో ఆవకాయ, కందిపొడి, మూడు నేతచీరలు, ఒక పెళ్ళికొడుకు ఫోటో వున్నాయి. మొదటి మూడూ టొరాంటో చేరిన పూటే బయటికి వచ్చాయి. నాలుగోది మాత్రం కవరులోనే వుండిపోయింది. సమయం చూసి చూపిద్దామని నా ఎత్తు. పిల్లకు 29 నిండాయి. "ఈసారి ఏదో ఒకటి తేల్చుకోకుండా రాకు" అని మావారూ, మా ఆడబడుచూ విమానం ఎక్కేముందు మరీమరీ చెప్పారు.

అమ్మాయి పసికట్టిందో ఏమో, మూడోనాడే ఒక పుస్తకం నా చేతిలో పెట్టింది. "ఇది చదువమ్మా. శనివారం ఆ ఊరికి తీసుకువెళతాను" అంది.

పుస్తకం పేరు 'ది బ్లూ కాజిల్'. మన మాటల్లో నీలికోట. 'ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్' వ్రాసిన ఎల్. ఎం. మాంట్‌గోమరీయే దీన్నీ వ్రాసింది. 1926లో అచ్చయింది. ఆవిడ కథలు చాలావరకు తాను పుట్టిన ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో జరుగుతాయి. ఆ దీవి గడప తొక్కకుండా మొదటినుంచి చివరిదాకా నడిచిన నవల ఇదొక్కటే.

మొదటి పేజీలోనే నాకు చురుక్కుమంది. కథానాయిక వాలెన్సీకి కూడా ఆ రోజుతో 29 నిండాయి! పెళ్ళి కాలేదు. అవుతుందన్న ఆశ ఇంట్లో ఎవరికీ లేదు. తల్లి నోరెత్తనివ్వదు. నడుంనొప్పి ముసలావిడకు మందు రుద్దడం వాలెన్సీ పని. జుట్టు తనకిష్టమైనట్టు దువ్వుకునే స్వతంత్రం కూడా లేదు. డబ్బున్న మామయ్య ఒకాయన వచ్చినప్పుడల్లా పొడుపుకథలు వేసి, దెప్పి, తనే నవ్వుకుంటాడు. ఆయన వీలునామా ఎలా వ్రాస్తాడోనన్న భయంతో చుట్టాలందరూ కూడా నవ్వుతారు. చెప్పొద్దూ, ఈ మామయ్య మా ఇళ్ళల్లోనూ వున్నాడు.

వాలెన్సీకి వున్న సుఖమల్లా మనసులో కట్టుకున్న ఒక నీలికోట. ఇంతలో గుండెజబ్బు వుంది, ఏడాదికి మించి బతకవని డాక్టరు ఉత్తరం వస్తుంది. ఇక ఎవరికి భయపడాలి? ఇంకో మామయ్య వెండి పెళ్ళిరోజు విందులో అందరికీ వినిపించేలా తన మనసులో మాట చెప్పేస్తుంది. ఊరంతా వెలివేసిన ఒక జబ్బుపిల్లకు సేవ చేయడానికి ఇల్లు విడిచి వెళుతుంది. ఆ తరువాత, అడవిలో ఒంటరిగా వుంటూ లోకం చేత నానా మాటలూ పడుతున్న బార్నీ అనే అతన్ని, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని తనే అడుగుతుంది. అతనికి సరస్సు మధ్య ఒక చిన్న దీవి, దూలాల ఇల్లు, రెండు పిల్లులు, ఎవరినీ పోనివ్వని తాళం గది ఒకటీ వున్నాయి. మిగతా కథ నేను చెప్పను.

కథకంటే కూడా నన్ను పట్టేసింది ఆ దీవిలో కాపురం. అక్కడ ఏమీ జరగదు. ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చుంటారు, పడవలో తిరుగుతారు, చలికాలం సరస్సు గడ్డకడితే దానిమీద నడుస్తారు. మాట్లాడాలనిపిస్తే మాట్లాడతారు, లేకపోతే లేదు. చివరి అధ్యాయాల్లో మాత్రం రచయిత్రి సినిమా ఫక్కీలో ముళ్ళన్నీ ఒక్కసారే విప్పేసింది. అది నాకంతగా నచ్చలేదు. అయినా చలిరాత్రి దుప్పటి కప్పుకొని చదవడానికి ఇంతకంటే మంచి నవల చెప్పలేను.

శనివారం పొద్దున్నే పులిహోర, పెరుగన్నం కట్టుకొని కారులో బయలుదేరాం. టొరాంటోకి ఉత్తరంగా సుమారు 200 కిలోమీటర్లు. సగం దూరం దాటాక పొలాలు పోయి, రోడ్డుకు రెండు పక్కలా గులాబిరంగు నల్లరాళ్ళూ, వాటి నెర్రెల్లోంచి లేచిన దేవదారుచెట్లూ మొదలయ్యాయి. ఊరి బోర్డు చూసి ఉలిక్కిపడ్డాను. 'బాలా' అని వుంది! మనవాళ్ళెవరైనా పెట్టారేమోనని సంబరపడ్డాను. కాదట. వేల్సు దేశంలో ఒక బాలా వుందిట. 19వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ బర్జెస్ అనే ఆయన ఆ పేరు తెచ్చి దీనికి పెట్టాడట.

చిన్న ఊరు. మస్కోకా సరస్సు నీళ్ళు ఊరిమధ్యనే బండలమీదినుంచి దూకి మూన్ నదిలో కలుస్తాయి. ఆ హోరు వీధుల్లోకి కూడా వినిపిస్తుంది. 1922 వేసవిలో మాంట్‌గోమరీ భర్తతో, ఇద్దరు కొడుకులతో ఇక్కడికి వచ్చింది. ఒక బసలో నిద్ర, ఇంకో ఇంట్లో భోజనం. ఆ భోజనాల ఇంటినే 1992లో ఆవిడ పేరిట మ్యూజియం చేశారు.

నీళ్ళపక్క బండమీద కూర్చుని పులిహోర తింటూ వుంటే అమ్మాయి చెప్పింది. ఆవిడ భర్త చర్చిలో ఫాదరీ. ఆయనకు మనోవ్యాధి. అది బయటపడకుండా ఆవిడ ఏళ్ళతరబడి దాచుకుంటూ వచ్చింది. పుస్తకాలవల్ల ఇంటికి డబ్బూ పేరూ తెచ్చింది, వచ్చిపోయే వాళ్ళకు నవ్వుముఖమే చూపించింది. ఆ వేసవిలో ఒకనాడు సరస్సులోని దీవులు చూస్తూ, ఒకదాన్ని తనకోసం ఏరుకొని, దానిమీద ఊహలో ఇల్లు కట్టుకున్నట్టు డైరీలో వ్రాసుకుంది. ఆ డైరీలు ఆవిడ పోయిన ఎన్నో ఏళ్ళకు అచ్చయ్యాయి.

ఎదురుగా చూశాను. నాలుగు చెట్లు, నాలుగు రాళ్ళు వున్న దీవులు, ఒకదాని వెనుక ఒకటి. ఏదో నీటిపక్షి ఏడుపులాంటి గొంతుతో కూసింది. నేనైతే దేన్ని ఏరుకుందునా అనిపించింది. 33 ఏళ్ళ కాపురంలో ఎవరూ నన్నడగని ప్రశ్న అది.

"ఎంతవరకు చదివావమ్మా?" అంటూ అమ్మాయి నా సంచీలోంచి పుస్తకం తీసింది. పేజీల మధ్యనుంచి కవరు జారి బండమీద పడింది. కవరులోంచి ఫోటో తొంగి చూసింది. నా గుండె ఆగినంత పనయింది.

"ఎవరితను?"

"పేజీ గుర్తుకి పెట్టుకున్నానే" అన్నాను.

అమ్మాయి ఒక్క క్షణం నన్నే చూసింది. తరువాత ఫోటోని కవరులో దూర్చి, అదే పేజీలో పెట్టి, పుస్తకం నా ఒళ్ళో వుంచింది. ఇద్దరం పెరుగన్నం తిన్నాం.

ఆ రాత్రి మావారు ఫోను చేశారు. "ఏమంది? తేలిందా?"

"ఇంకా ఎనభై పేజీలున్నాయండీ" అన్నాను.