గట్టు దాటితే రోమింగ్!

అనంతపురంలో బెంగళూరు బస్సెక్కితే పెనుకొండ, పాలసముద్రం, కొడికొండ చెక్‌పోస్టు... అది దాటితే బోర్డుల మీద అక్షరాలు మారిపోతాయి. మాట మారదు. బాగేపల్లిలోనూ తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. కానీ ఒకప్పుడు ఇక్కడికి రాగానే బస్సులో జేబులన్నీ టింగుమనేవి. కర్ణాటకకు స్వాగతమంటూ మెసేజ్! అప్పటిదాకా గట్టిగా కబుర్లాడినవాళ్లు ‘దిగినాంక చేస్తాలే’ అని ఫోన్ పెట్టేసేవారు.

ఎందుకంటే సెల్‌ఫోన్లకు దేశం 22 సర్కిళ్లు. సిమ్ కొన్న సర్కిలే దాని పుట్టిల్లు. పొరుగు సర్కిల్లో అడుగుపెట్టిన ఫోను అక్కడి టవరుకు తన సిమ్‌లోని గుర్తింపు సంఖ్య చెబుతుంది. ఆ నెట్‌వర్కు పుట్టింటి కంప్యూటర్ని ‘ఈ మనిషి మీవాడేనా?’ అని అడిగి, అవునంటే అతిథుల చిట్టాలో రాసుకుంటుంది. ఎవరైనా ఆ నంబరుకు చేస్తే కాల్ ముందు పుట్టింటికెళ్లి, చిరునామా కనుక్కుని, అక్కణ్నుంచి పొరుగు సర్కిల్‌కు ప్రయాణిస్తుంది. ఈ రెండో దారి ఖర్చే ఫోనెత్తినవాళ్ల నెత్తిన పడేది.

2007 ఫిబ్రవరిలో ట్రాయ్ తగ్గించాక కూడా ఇన్‌కమింగ్‌కు నిమిషానికి రూ.1.75 దాకా వసూలు చేసుకోవచ్చు. వానలు మొహం చాటేసి శెనక్కాయ ఎండిపోతే బెంగళూరులో కట్టడాల పనికి వలసపోయే జిల్లా ఇది. అమ్మ పది నిమిషాలు కష్టసుఖాలు చెప్పుకుంటే కొడుకు ఖాతాలో పదిహేడున్నర రూపాయలు హాంఫట్! అందుకే మిస్డ్ కాల్ ఒక భాషయింది. ఎత్తకపోతే పైసా ఖర్చు లేదు మరి.

సరిహద్దు పల్లెలది ఇంకో తంటా. పావగడ తాలూకా కర్ణాటకదే అయినా దాదాపు చుట్టూ ఆంధ్రానే. మడకశిర వైపు చూస్తే మన నేలే కర్ణాటకలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. తరంగాలకు ఈ గట్లేం తెలుస్తాయి? సొంత సిగ్నల్ అందనిచోట ఫోను పొరుగు టవరును పట్టుకునేది. గడప దాటకుండానే రోమింగ్! తెలిసినవాళ్లు సెట్టింగుల్లోకెళ్లి నెట్‌వర్కును చేత్తో ఎంచుకునేవారు. తెలియనివాళ్ల బ్యాలెన్స్ కరిగిపోయేది. విచిత్రమేంటంటే, 2014లో రాష్ట్రం రెండైనా సెల్‌ఫోను సర్కిల్ విడిపోలేదు. హిందూపురం నుంచి 400 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని హైదరాబాద్ సొంతూరు, పక్కనున్న పావగడ పరాయిది!

ఇన్‌కమింగ్ 2013 జులైలో 75 పైసలకు, 2015 మేలో 45 పైసలకు దిగింది. 2016 సెప్టెంబరులో జియో అసలు రోమింగ్ ఛార్జీలే లేకుండా వచ్చింది. 2017 ఏప్రిల్ నుంచి ఎయిర్‌టెల్ కూడా ఎత్తేసింది. కువైట్‌కో దుబాయ్‌కో వెళ్లేవాళ్లు మాత్రం ముందే ప్యాక్ వేయించుకోవాలి, అక్కర్లేకపోతే డేటా రోమింగ్ ఆపేసుకోవాలి.

కొడికొండ దగ్గర ఇప్పుడు ఫోన్ పెట్టేసేవాళ్లు లేరు. పెనుకొండలో మొదలైన కబుర్లు చిక్కబళ్లాపురం దాటినా సాగుతూనే ఉంటాయి... పక్క సీట్లోవాళ్ల నిద్రకే ఇబ్బంది!