రేకు గాడిదను ఎగరేసిన ప్రొఫెసరు

స్నానాల గదికి గ్యాస్ గీజర్లు చేసి అమ్మే మనిషి విమానం కడతానంటే ఎవరు నమ్ముతారు? జర్మనీలో హ్యూగో యుంకర్స్ సరిగ్గా ఆ పనే చేశారు, అదీ యాభై దాటాక! విమానమంటే చెక్క, గుడ్డ, తీగలే అనుకునే 1915లో ఆయన ఉక్కు రేకుతో కట్టి ఎగరేశారు. బరువెక్కువై మెల్లగా లేచే దాన్ని 'రేకు గాడిద' అని వెక్కిరించారు. తర్వాత తేలికైన డ్యురాల్యుమిన్‌తో, మూసిన కేబిన్‌లో నలుగురు కూర్చునే ఎఫ్ 13ను 1919లో తెచ్చారు. మనల్ని ఇండియాకు మోసుకెళ్ళే జెట్‌లకు అది ముత్తాత.

చికాగో సైన్స్ మ్యూజియంలో వేలాడుతున్న స్టుకా బాంబరు మీద ఆయన పేరు చదివి మా అబ్బాయి, "ఈయన నాజీయా, నాన్నా?" అన్నాడు.

కాదు. 1933లో నాజీలు దేశద్రోహం కేసు పెడతామని బెదిరించి ఆయన పేటెంట్లు, కంపెనీలో సగానికి పైగా వాటాలు రాయించుకున్నారు. ఇంట్లో నిర్బంధించారు. మా కన్సల్టెంట్లు రాసే కోడూ చివరికి క్లయింటుదే అనుకోండి, కానీ మేం ఇష్టపడే సంతకం పెడతాం. 1935 ఫిబ్రవరి 3న, సరిగ్గా 76వ పుట్టినరోజునాడు, ఆయన కన్నుమూశారు. స్టుకా తొలిసారి ఎగిరింది ఆ సెప్టెంబరులో. ఫ్యాక్టరీ లాక్కున్నవాళ్ళు పేరు మాత్రం మార్చలేదు.