పుష్కరాల లింకుతో మొదలై...

రాత్రి మా బావ వాట్సాప్‌లో 2027 పుష్కరాల ఏర్పాట్ల లింకు పంపాడు. నేను ధవళేశ్వరం గేట్ల వీడియో పంపాను. అక్కణ్ణుంచి పులస ధర, కోటిపల్లి రేవు, చిన్నప్పటి పంటు ప్రయాణాలు. పదకొండున్నరకి ఉన్నట్టుండి అడిగాడు: "ఒరేయ్, 2015 జులై 14న రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో కనీసం 27 మంది పోయారు. వాళ్లంతా మునక వేద్దామనే కదా వచ్చారు! మరి గోదారమ్మ చూస్తూ ఎలా ఊరుకుందిరా?"

ఏదో టైపు చేశాను, చెరిపేశాను. జనం, ఇరుకు, తోపులాట అని కారణాలు చెప్పొచ్చు. వాడడిగింది అది కాదు.

కాకినాడ పీఆర్ కాలేజీలో పాఠాలు చెప్పిన గోరా గారు దేవుడు లేడని తేల్చి చెప్పి, 1933లో ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఆయనంటే నాకు చాలా గౌరవం. కానీ నేనింకా అక్కడిదాకా వెళ్లలేదు.

2015 పుష్కరాల్లో అమ్మ రాగి చెంబుతో పట్టి తెచ్చిన నీళ్లు మా దేవుడి గూట్లో ఇంకా ఉన్నాయి. మూతికి కట్టిన పసుపు గుడ్డ వెలిసిపోయింది. నేను దండం పెట్టడం మానేసి ఏడాదైంది. చెంబు మాత్రం ప్రతి శుక్రవారం తుడిచి మళ్లీ అక్కడే పెడుతున్నాను.

అదే రాశాను బావకి. చాలాసేపటికి, "మా ఇంట్లోనూ ఉందిరా" అన్నాడు.