పట్టినవాడు వేరు, తీర్పరి వేరు

హైదరాబాదు నగరమున లక్డీకాపూల్ అను చోటు కలదు. ఆ పేరునకు కట్టెవంతెన అని అర్థము. రాష్ట్ర పోలీసుశాఖ ప్రధాన కార్యాలయము అచటనే ఉన్నది. అచటినుండి నాంపల్లి వైపు నడచినచో దారిలో శాసనసభా భవనము కనబడును. మరికొంత దూరము పోగా నాంపల్లి క్రిమినల్ కోర్టులు వచ్చును. చట్టమును చేయువారు, దానిని అమలు జరుపువారు, దానినిబట్టి తీర్పు చెప్పువారు ఇంత దగ్గరగా ఉన్నారు. అయినను ఒకరి పని మరియొకరు చేయరాదు.

ఏల చేయరాదు? ఒక కూలివానిని దొంగయని పోలీసులు పట్టిరనుకొనుడు. పట్టినవారే విచారించి, వారే శిక్షించినచో, తాము పట్టినది నిర్దోషినని ఎన్నడైన ఒప్పుకొందురా? అందుచేతనే పట్టినవాడు వేరు, తీర్పరి వేరు కావలెను. హైదరాబాదు సంస్థానమున 1921లోనే న్యాయశాఖను పరిపాలనాశాఖనుండి వేరుచేసిరి. 1950లో అమలునకు వచ్చిన భారత రాజ్యాంగము తన 50వ అధికరణములో ఈ నీతినే ఆదేశించినది. నిర్బంధింపబడిన వానిని సాధారణముగా, ప్రయాణకాలమును మినహాయించి, 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెనని 22వ అధికరణము శాసించుచున్నది. ఆ కూలివానికి వకీలును పెట్టుకొను స్తోమత లేకున్నచో, ప్రభుత్వమే తన ఖర్చుతో వకీలును ఏర్పాటు చేయవలెను.

ఇక తీర్పరియు మానవుడే, అతడును పొరబడవచ్చును. న్యాయస్థానములను మెట్లుమెట్లుగా అమర్చుటకు కారణమిదియే. చిన్న నేరములను మేజిస్ట్రేటు విచారించును. హత్యవంటి ఘోరనేరములు సెషన్సు కోర్టునకు పోవును. భూమి తగవులు, అప్పుల తగవులు సివిలు కోర్టులలో తేలును. వీనిపైన హైకోర్టు, దానిపైన ఢిల్లీలోని సుప్రీంకోర్టు. క్రిందిమెట్టుపై ఓడినవాడు పైమెట్టునకు అప్పీలు చేసికొనవచ్చును. సెషన్సు జడ్జి ఉరిశిక్ష విధించినను, హైకోర్టు దానిని స్థిరపరచువరకు అమలు జరుపరాదు; దోషి అప్పీలు చేయకున్నను ఈ నియమము తప్పదు. ప్రాణము పోయిన పిదప తప్పు దిద్దుకొనుటకు వీలులేదు గదా!

హైదరాబాదు హైకోర్టు భవనము మూసీనది దక్షిణపుటొడ్డున 1920లో ప్రారంభింపబడినది. 1954లో గుంటూరున నెలకొన్న ఆంధ్ర హైకోర్టు, 1956లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుగా ఈ భవనమునకు వచ్చినది. 2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వేరువేరు హైకోర్టులు ఏర్పడినవి. గుంటూరునను, హైదరాబాదునను తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. రాజమహేంద్రవరమున జన్మించిన ఆయన పిదప సుప్రీంకోర్టునకు పోయి, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యెను.

ఆయన సుప్రీంకోర్టులో ఉండగా, 1962లో ఖరక్ సింగ్ అను వాని వ్యాజ్యము తీర్పునకు వచ్చినది. పోలీసులు అతనిపై నిఘా పెట్టి, రాత్రివేళ ఇంటి తలుపు తట్టుచుండిరి. ఆ రాత్రి రాకలు చెల్లవని న్యాయస్థానము చెప్పినది. కాని తన బ్రతుకు తనదిగా ఉంచుకొను గోప్యత రాజ్యాంగమిచ్చిన హక్కు కాదని అధికసంఖ్యాకులైన న్యాయమూర్తులు తలచిరి. గోప్యత స్వేచ్ఛలో ముఖ్యభాగమని సుబ్బారావు వేరుగా తీర్పు వ్రాసెను. నాడు ఆ మాట నెగ్గలేదు. 2017లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురు కూర్చుండి, పాతతీర్పులోని ఆ భాగమును త్రోసిపుచ్చి, గోప్యత ప్రాథమిక హక్కేయని ఏకగ్రీవముగా ప్రకటించిరి.

పైమెట్టుపై జరిగిన పొరపాటును దిద్దుటకు ఏబదియైదేండ్లు పట్టినది. అది చిన్నకాలము కాదు. అయినను ఓడిన తీర్పును గూడ చెరిపివేయక భద్రపరచు ఏర్పాటు ఉండుటచేతనే, నాడు కాగితమున నిలిచిన మాట నేడు ప్రతి పౌరునకు కాపైనది.