పత్తికొండలో మెల్లని అడుగులు

గుత్తి నుండి పత్తికొండకు వచ్చే దారిలో ఎర్రగుడి దగ్గర దిగి చూడవలసిన బండలున్నాయి. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలో అశోక చక్రవర్తి చెక్కించిన శాసనాలవి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేయించాననీ, మందుమొక్కలు నాటించాననీ, దారుల వెంట బావులు త్రవ్వించాననీ వాటిలో ఒకదానిలో ఉంది. ఈ కరువు సీమకు అప్పుడూ ఇప్పుడూ కావలసినవి అవే కదా!

పత్తికొండకు మరో జ్ఞాపకం కూడా ఉంది. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జూలై 6న ఇక్కడే కలరాతో మరణించారు. అంతకు ముందు దత్తమండలాల కలెక్టరుగా ఈ పల్లెలన్నీ తిరిగిన దొర. ఆయన జ్ఞాపకార్థం ఇక్కడ మెట్లబావి కట్టించి, తోపు వేయించారు.

ఇక ఈ ఊరి టమాటా మార్కెట్టు సంగతి మీకు తెలిసినదే. అక్కడ బాక్సులు మోసే మన సంఘపు సహోదరుడొకరు రెండేళ్ల క్రితం వంగినవాడు వంగినట్లే లేవలేకపోయాడు. నడుము నుండి కాలి బొటనవ్రేలి దాకా మంట. వెన్నుపూసల మధ్యనుండే మెత్తని డిస్కు జారి నరాన్ని ఒత్తుతోందని స్కానింగులో తేలింది.

“ఆపరేషనంటే ఉన్న రెండెకరాలు కుదువ పెట్టాల. పెట్టినా మళ్లా మూట ఎత్తుతానో లేదో. ఏం జేయాల అయ్యగారూ?” అన్నాడు.

ప్రార్థన చేసి, కర్నూలులో ఎముకల డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్లాము. ఆయన కాళ్ల బలమూ స్పర్శా పరీక్షించి, తొందర లేదు, కొన్ని వారాలు చూద్దామన్నారు. జారిన డిస్కు ముక్కను చాలామందిలో శరీరమే మెల్లమెల్లగా కరిగించుకుంటుందట. నెదర్లాండ్స్‌లో 283 మంది రోగులను పరిశీలించి 2007లో ప్రకటించిన ఫలితమూ ఇలాంటిదే: వెంటనే ఆపరేషను చేయించుకున్నవారికి కాలినొప్పి త్వరగా తగ్గింది, గాని ఏడాది తిరిగేసరికి ఆగి చూసినవారూ దాదాపు వారితో సమానమయ్యారు. అయితే ఆగినవారిలో కొందరికి తరువాత ఆపరేషను తప్పలేదు.

ప్రియ సహోదరులారా, ఇది అందరికీ చెల్లే మాట కాదు. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం వ్రేలాడినా ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఎవరైనా చెట్టు మీద నుండి పడితే కాళ్లూ చేతులూ పట్టి ఎత్తకండి, చెక్క మీద కదలకుండా పడుకోబెట్టి తీసుకొని వెళ్లండి. నడుము త్రొక్కే నాటు వైద్యుణ్ణి పిలుద్దామని ఆ సహోదరుని అత్తగారు పట్టుబట్టింది. డాక్టరు వద్దన్నారని ఆమెకు నచ్చజెప్పేసరికి ఒక పూట పట్టింది.

మంచం పట్టి ఉండవద్దని కూడా డాక్టరు చెప్పారు. మొదటి వారం గుమ్మం నుండి వేపచెట్టు వరకే నడక. తరువాత బస్టాండు వరకు. బోర్లా పడుకొని మోచేతుల మీద లేచే వ్యాయామం పూటపూటా చేసేవాడు. నెల గడిచాక నొప్పి మళ్లీ తిరగబెట్టి, ఇక పొలం అమ్మేద్దామని ఏడ్చిన రోజూ ఉంది. మూడవ నెలలో మన్రో బావి దాకా నడిచి వెళ్లి, మెట్ల మీద కూర్చొని వచ్చాడు.

ఇప్పుడాయన బాక్సులు మోయడం లేదు. ఏడవ తరగతి చదువు అక్కరకొచ్చి, మండీలో లెక్క వ్రాస్తున్నాడు. పొలం పొలంగానే ఉంది. కూలి మాత్రం తగ్గిందని భార్య ఇంకా సణుగుతూనే ఉంది.