ముఖం మారిన ఏడాది, ఇంజన్ మారిన ఏడాది

అమెరికాలో సెకండ్ హ్యాండ్ లెక్సస్ ఆర్‌ఎక్స్ కొనాలనుకునే మనవాళ్లు ముందు గ్రిల్ చూస్తారు, దాన్నిబట్టి ఏ తరమో పోల్చుకుంటారు. ఆ లెక్క నాకు నచ్చదు. ఈ బండికి రూపం మారిన ఏడాది వేరు, ఇంజన్ మారిన ఏడాది వేరు.

1998లో అక్కడి రోడ్లెక్కిన మొదటి ఆర్‌ఎక్స్ 300ని లారీ తరహా చట్రం మీద కాకుండా క్యామ్రీ కారు పునాది మీద కట్టారు. అందుకే సీటు నడుం ఎత్తులో అందుతుంది. మోకాళ్ల నొప్పులతో ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలు వంగక్కర్లేదు, ఎగబాకక్కర్లేదు. మన ఇళ్లల్లో ఈ బండంటే మమకారానికి సగం కారణం అదేననుకుంటాను.

2003లో వచ్చిన రెండో తరం ఆర్‌ఎక్స్ 330 చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ దాని 3.3 లీటర్ల ఇంజన్‌కి, మొదటి తరంలాగే, రబ్బరు టైమింగ్ బెల్టు. 90,000 మైళ్లకి మార్పించాలి. విప్పారు కదా అని వాటర్ పంపు కూడా అప్పుడే మార్చేస్తారు. అడ్డంగా కూర్చోబెట్టిన వీ6 కాబట్టి అక్కడ చెయ్యి దూరదు, కూలీ బాగా అవుతుంది. అసలు మలుపు 2007 మోడల్. పైకి ఇంచుమించు అదే బండి, పేరు మాత్రం 350. లోపల 3.5 లీటర్ల కొత్త ఇంజన్, 270 హార్స్‌పవర్, బెల్టు బదులు చైను. చైనుకి ఇన్ని మైళ్లకని గడువు లేదు, వేళకి ఆయిల్ మారిస్తే చాలు. తొలి బండ్లలో ఒక ఆయిల్ పైపు మధ్యలో రబ్బరు ముక్క ఉండేది. అది చీలి ఆయిల్ కారేది. తర్వాత పూర్తిగా లోహపు పైపే ఇచ్చారు. కొనేముందు మెకానిక్ చేత ఆ పైపు చూపించాలి. మారి ఉంటే, తక్కువ డబ్బులో 2007-09 బండిని మించింది నాకు కనిపించదు.

2010 మోడల్‌తో మూడో తరం, 2016తో నాలుగోది వచ్చాయి. ఒళ్లు మారింది, ఇంజన్ మాత్రం అదే వంశం. మూడో తరంలో స్క్రీన్‌ని మౌస్ లాంటి మీటతో నడపాలి. రోడ్డు మీద చూపు ఉండాల్సిన వేళ బాణం గుర్తుని వెతుక్కోవడం నాకు భయం. 2020 మోడల్‌కి టచ్ స్క్రీన్, కార్‌ప్లే చేరాయి. చేతిలో కాస్త డబ్బుంటే 2020-22 బండ్లే తీసుకోమంటాను. ఆర్‌ఎక్స్ 350లో వీ6కి అవే ఆఖరి ఏళ్లు.

2023 మోడల్‌తో దాని చోట 2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో వచ్చింది. 275 హార్స్‌పవర్, సరిగ్గా 2010 మోడల్‌కున్నంతే. తక్కువ వేగంలోనే లాగుడు ఎక్కువ, సిగ్నల్ దగ్గర ఆ తేడా తెలుస్తుంది. అయితే టర్బో వేడికి ఆయిల్ త్వరగా నలుగుతుంది. ఈ తరం బండి చూడబోతే ముందు ఆయిల్ మార్చిన రసీదులు అడగండి. అవి లేకపోతే, ఎంత మెరుస్తున్నా ఆ బండి వద్దు.